నెత్తురు ఆపడం ముందు, ఎక్కించడం తర్వాత

రోడ్డు ప్రమాదంలో మనిషి పోయాడని తెలిసినప్పుడు చుట్టుపక్కల వినిపించే మాట ఒకటుంది: "నెత్తురు మస్తు పోయిందట, టైముకు రక్తం దొరకలే." సానుభూతితో అనే మాటే గానీ దాని వెనక ఒక తప్పు లెక్క ఉంది. పోయిన రక్తాన్ని మళ్లీ నింపడమే వైద్యమనీ, అది దవాఖానలో డాక్టర్ల పనేననీ, మన వంతు బండి మాట్లాడటం, ఫోన్లలో దాతల కోసం వెతకడం వరకేననీ మనకు తెలియకుండానే నమ్మేశాం. ఈ అధ్యాయం ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తుంది. తీవ్రంగా రక్తం పోతున్న మనిషికి మొదటి చికిత్స ఆ కారడాన్ని ఆపడం. అది మనిషి పడ్డ చోటే మొదలవ్వాలి. చేయాల్సింది అప్పుడు అందరికంటే దగ్గరున్నవాళ్లు, అంటే చాలాసార్లు డాక్టరు గానీ నర్సు గానీ కాని మామూలు మనుషులు.

జడ్చర్లను ఉదాహరణగా తీసుకుంటే ఈ వాదన ఎందుకు అవసరమో తెలుస్తుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. రాయచూరు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి కల్వకుర్తి, దేవరకొండల మీదుగా కోదాడ దిక్కు సాగే 167వ నంబరు రహదారి దాన్ని ఇక్కడే కలుస్తుంది. బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లికాయ, మక్కలు తెచ్చే ట్రాక్టర్లు, పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల షిఫ్టు బస్సులు, కూలీలను చేన్లకు చేర్చే ఆటోలు, రాత్రిపూట బెంగళూరు పోయే బస్సులు, అన్నీ ఈ రెండు తొవ్వల మీదనే. 2019 ఆగస్టు 4న మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర కూలీల ఆటోను లారీ గుద్దితే పన్నెండు మందికి తగ్గకుండా చనిపోయారు. జడ్చర్లలో సర్కారు దవాఖాన ఉంది. పెద్ద ఆపరేషన్ కావాలంటే మహబూబ్‌నగర్ పోవాలి, అక్కడి సర్కారు మెడికల్ కాలేజీ 2016లో మొదలైంది. అక్కడా కుదరకపోతే హైదరాబాద్, ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఫోన్ చేయడం, అంబులెన్స్ రావడం, ఎక్కించడం, చేర్చడం, లోపల బెడ్డు మీదికి మార్చడం... అందరూ పరుగెత్తినా కొంత సమయం పోక తప్పదు. తొడలోని పెద్ద ధమని తెగితే మనిషి కొద్ది నిమిషాల్లోనే చనిపోవచ్చు. ఈ రెండు సమయాల మధ్య తేడాను ఏ అంబులెన్సూ పూడ్చలేదు.

రక్తం పోతుంటే ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. పెద్దవాళ్లలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అరవై కిలోల మనిషికి నాలుగు లీటర్ల పైన కొంచెం. రక్తదానంలో తీసుకునే 350 మిల్లీలీటర్లు అందులో పన్నెండో వంతు మాత్రమే, అందుకే దాత లేచి జ్యూస్ తాగి నడిచి వెళ్తాడు. పదిహేను శాతం పోయేదాకా శరీరం పెద్దగా ఏమీ బయటపెట్టదు. పదిహేను నుంచి ముప్పై శాతం మధ్య నాడి నిమిషానికి వంద దాటుతుంది, చర్మం చల్లబడుతుంది, మనిషి కుదురుగా ఉండలేడు, దాహం దాహం అంటాడు. ముప్పై దాటాక నాడి నూట ఇరవై మీదికి పోతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, మాట తడబడుతుంది, బీపీ పడిపోతుంది. నలభై దాటితే ఒంట్లో మిగిలింది మెదడుకు, గుండెకు కూడా చాలదు. ఈ అంకెలు అందరికీ అచ్చంగా అలాగే వర్తించవు. ముసలివాళ్లలో, బీపీ మందులు వాడేవాళ్లలో నాడి వేగం పెరగకపోవచ్చు కూడా. కానీ వరస మాత్రం చాలామందిలో ఇదే.

ఆ వరసలో జాగ్రత్తగా చూడాల్సింది బీపీ ఎక్కడ పడుతుందనేది. అది మూడో మెట్టు మీద గానీ పడదు. అంతదాకా శరీరం తన గుట్టు బీపీలో బయటపెట్టదు. చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు పోయే రక్తనాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది. అందుకే గాయపడ్డవాడు స్పృహలో ఉంటాడు, ఇంటి నంబరు చెప్తాడు, "నాకేం కాలే, బండి చూడుండ్రి" అంటాడు. మాట్లాడుతున్నాడు కదా, పరవాలేదని చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. పాలమూరు నుంచి ముంబై, పుణె దాకా పోయి కష్టం చేసి వచ్చిన ముప్పై ఏళ్ల మనిషి గుండె గట్టిది, ఆ గట్టితనమే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. అతను చివరిదాకా తట్టుకుని, ఒక్కసారిగా కూలిపోతాడు. బీపీ మిషన్ మీద 110/90 చూసి బాగానే ఉందనుకోవద్దు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా దగ్గరపడటం నాళాలు బిగుసుకున్నాయనడానికి గుర్తు. అంతకంటే పెద్ద మోసం హిమోగ్లోబిన్ పరీక్ష. రక్తం కారిపోయేటప్పుడు ఎర్రకణాలూ నీరూ కలిసే పోతాయి, మిగిలిన రక్తం చిక్కదనం వెంటనే మారదు. పెద్ద మొత్తంలో పోయిన అరగంటకు తీసిన రిపోర్టులో పన్నెండు కనపడవచ్చు. "హిమోగ్లోబిన్ మంచిగనే ఉంది" అని ధీమా పడే బంధువులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. కాగితం కంటే గోరు నమ్మకమైనది. వేలి గోరును ఐదు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. ఆలస్యమైతే, చెయ్యి చల్లగా చెమ్మగా ఉంటే, మాటలు ఎంత బాగున్నా మనిషి బాగాలేడనే అనుకోవాలి.

మరి ఆపడం ఎట్లా? నొక్కి పట్టడం, అంతే. ఇంత చిన్న మాటను ఒక అధ్యాయంలో ఎందుకు చెప్పాలంటే, నొక్కుతున్నామనుకుని చాలామంది నిజానికి కప్పుతారు. గాయం మీద దస్తీ వేసి అరచేతిని దానిపై ఆనించడం నొక్కడం కాదు. గుడ్డ చించి లేదా దుస్తులు పక్కకు లాగి రక్తం ఏ చోటు నుంచి వస్తుందో ముందు చూడాలి. లోతైన గాయమైతే శుభ్రమైన గుడ్డను, లేకుంటే అందిన కండువానో తువ్వాలనో, వేళ్లతో కొద్దికొద్దిగా గాయం అడుగుదాకా కూర్చాలి. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు వంచకుండా, రెండు చేతులు ఒకదానిమీద ఒకటి వేసి మన ఒంటి బరువంతా దించాలి. గాయపడ్డవాడు నొప్పికి తిడతాడు, తిట్టనివ్వండి. పది నిమిషాలు వదలకూడదు. ఆగిందా అని మధ్యలో గుడ్డ ఎత్తి చూడటమే చాలామంది చేసే తప్పు. అప్పుడప్పుడే కట్టుకుంటున్న గడ్డ దాంతోపాటే ఊడివస్తుంది. గుడ్డ తడిసిపోతే దానిమీద ఇంకొకటి వేసి ఇంకా గట్టిగా నొక్కండి. పసుపు, కాఫీ పొడి, బూడిద, పెట్రోలు ఏవీ ధమనిని ఆపవు, సర్జన్ పని మాత్రం పెంచుతాయి. గాయంలో ఇనుప చువ్వో గాజు పెంకో దిగి ఉంటే లాగొద్దు. దాని చుట్టూ నొక్కండి. అది దిగిన చోట అదే బిరడాగా ఉండవచ్చు. కడుపులో, ఛాతీలో గాయాలకు లోపలికి గుడ్డ కూర్చే పని పెట్టుకోవద్దు, అవి ఆపరేషన్ థియేటర్‌లోనే ఆగేవి.

చెయ్యి గానీ కాలు గానీ నుజ్జయి, ఎంత నొక్కినా రక్తం చిమ్ముతూనే ఉంటే పైన బిగించి కట్టాలి. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: "అట్ల కడితే కాలు చచ్చుబడుతది, తీసేయాల్సి వస్తది." ఈ భయానికి పునాది ఉంది, గంటల తరబడి వదిలేసిన కట్టుతో కండరాలు చచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. కానీ ఇరాక్ యుద్ధంలో బాగ్దాద్ సైనిక ఆసుపత్రికి కట్టుతో వచ్చిన గాయపడినవాళ్ల మీద అమెరికా సైనిక సర్జన్లు చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. షాక్‌లోకి, అంటే రక్తం చాలక బీపీ పడిపోయే స్థితిలోకి, జారకముందే కట్టు పడ్డవాళ్లలో పదికి తొమ్మిది మంది బతికారు, జారిన తర్వాత పడ్డవాళ్లలో పదికి ఒక్కరు. కేవలం కట్టు వల్ల పోయిన అవయవం ఒక్కటి కూడా వాళ్ల లెక్కలో లేదు. ఆపరేషన్ థియేటర్లలో ఎముకల డాక్టర్లు రెండు గంటల దాకా ఇట్లా బిగించే పని చేస్తారు. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ చేరడానికి అంతకంటే తక్కువే పడుతుంది. తెలియాల్సింది కట్టే పద్ధతి. సన్నని తాడు, వైరు పనికిరావు. అవి చర్మాన్ని కోస్తాయి, పైపై సిరలను మూసి లోపలి ధమనిని తెరిచే ఉంచుతాయి, దాంతో నెత్తురు ఇంకా ఎక్కువ కారుతుంది. రెండంగుళాల వెడల్పుకు తగ్గని గుడ్డను గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలి మీదో మోచేతి మీదో పడకుండా చుట్టి, ముడిలో గట్టి పుల్ల దూర్చి, కారడం ఆగేదాకా తిప్పి బిగించాలి. కట్టిన టైము నుదుటి మీద పెన్నుతో రాయాలి. తర్వాత దవాఖాన దాకా వదులు చేయకూడదు. పాము కరిచినప్పుడు బిగించి కట్టకూడదు, మనవాళ్లు అక్కడ మాత్రం కడతారు. కట్టాల్సిన చోట భయపడతారు. ఈ రెండు అలవాట్లూ తారుమారైతే ఎంత మేలో.

రెండో అభ్యంతరం గాయం గురించి కాదు, మన గురించి. నెత్తురు ముట్టుకుంటే జబ్బులంటుకుంటాయేమో, పోలీసులు సాక్ష్యానికి తిప్పుతారేమో. మొదటిదానికి జవాబు కిరాణా షాపులో దొరికే ప్లాస్టిక్ కవరు. చేతికి తొడుక్కుని నొక్కవచ్చు. అది లేకపోయినా పుండ్లు, కోతలు లేని చర్మం హెచ్‌ఐవీని, హెపటైటిస్‌ను లోపలికి రానివ్వదు, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చాలు. రెండో భయం ఒకప్పుడు నిజమే, ఇప్పుడు దాన్ని చట్టం కొట్టేసింది. గాయపడ్డవాళ్లకు ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ ప్రకారం మంచి మనసుతో సాయం చేసినవారి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతం చేయడానికి వీల్లేదు. డబ్బు సంగతికి వస్తే, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందాలి. చట్టం కాగితం మీద ఉన్నంత సాఫీగా కౌంటర్ దగ్గర ఉండదని అనేవాళ్లతో నేను వాదించను. కానీ ఆ కాగితం ఉందని తెలిసి అడిగేవాడికీ, తెలియక వెనకడుగు వేసేవాడికీ తేడా ఉంటుంది.

నా వాదనకు అసలు గట్టి అభ్యంతరం మూడోది: కంటికి కనపడని రక్తాన్ని ఎట్లా నొక్కుతాం? నిజమే. తాటిచెట్టు మీద నుంచి మోకు జారి పడ్డ గీత కార్మికుడి ఒంటి మీద చుక్క నెత్తురు కనపడకపోవచ్చు, కటి ఎముక విరిగి లోపల లీటర్ల కొద్దీ చేరుతూ ఉండవచ్చు. ఒక్క తొడ ఎముక విరిగితేనే లీటరు, లీటరున్నర కండరాల మధ్యకు పోతుంది. హ్యాండిల్ కడుపులో గుచ్చుకున్న బైకు పిల్లవాడి ప్లీహం చిట్లి ఉండవచ్చు. ఇక్కడ బయటివాళ్ల చేతులకు పని లేదు, ఆపగలిగేది సర్జన్ చెయ్యి ఒక్కటే. కానీ ఇది నా మాటను కొట్టేయదు, ఎక్కడికి పోవాలన్న ప్రశ్నను తేలుస్తుంది. ఆపగలిగే చోటికి పోవాలి. ఎక్స్‌రే తీసి, సెలైన్ పెట్టి, గంట తర్వాత పైకి రెఫర్ చేసే చిన్న నర్సింగ్‌హోమ్ దగ్గరగా ఉందని అక్కడ ఆగితే ఆ గంట అతని ఒంట్లోంచి పోయినట్టే. 108కి చేసినప్పుడే ఎత్తు నుంచి పడ్డాడని, కడుపు బిగుసుకుందని, మనిషి తెల్లబడ్డాడని చెప్పండి. వాళ్లు ఎక్కడికి తీసుకుపోవాలో దాన్నిబట్టే ఉంటుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది గానీ, మనం సగం చెప్పిన కథతో అదీ సగం పనే చేయగలదు. దాహమంటున్నాడని నీళ్లు పట్టకండి. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెదాలు తడిపితే చాలు.

"వచ్చీరాగానే రెండు బాటిళ్లు ఎక్కించండి" అని డాక్టర్ మీద ఒత్తిడి చేసేవాళ్లకు కూడా చెప్పాల్సింది ఉంది. గండి పూడ్చకుండా చెరువులోకి కాలువ వదిలితే నీళ్లతోపాటు కట్ట కూడా కొట్టుకుపోతుంది. సెలైన్‌లో ఆక్సిజన్ మోసే కణాలు లేవు, గడ్డకట్టించే పదార్థాలు లేవు. అది ఉన్న రక్తాన్ని పలచన చేస్తుంది, బీపీని లేపి అప్పుడే కట్టిన గడ్డలను తోసేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది. ఒళ్లు చల్లబడటం, రక్తంలో ఆమ్లం పెరగడం, గడ్డకట్టే గుణం తగ్గడం, ఈ మూడూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. వీటిని కలిపి సర్జన్లు మరణ త్రయం అంటారు. అందుకే ఎండలు మండే మే నెలలోనైనా తడి బట్టలు తీసి దుప్పటి కప్పాలి. "ఈ ఎండలకు దుప్పటేంది?" అనిపిస్తుంది. కానీ రక్తం పోయిన ఒళ్లు వేడిని పుట్టించుకోలేదు, 35 డిగ్రీల కిందికి దిగితే గడ్డకట్టించే ఎంజైములు మందగిస్తాయి. దీనికి తోడు ఒక చవక మందు ఉంది, ట్రనెగ్జామిక్ యాసిడ్. జపాన్ శాస్త్రవేత్త ఉటాకో ఒకమోటో, ఆమె భర్త కనిపెట్టినది. మన దగ్గర ఎక్కువ నెలసరి అయ్యే ఆడవాళ్లకు మాత్రగా రాసేది ఇదే. 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధనలో 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడ్డవాళ్ల మీద దీన్ని ఇంజెక్షన్‌గా పరీక్షించారు, మన దేశం నుంచీ చాలామంది ఉన్నారు. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. చిన్న తేడాలా కనపడుతుంది గానీ అందులో కిటుకు సమయానిది. మొదటి గంటలో ఇస్తే మేలు ఎక్కువ, మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావ మరణాలు పెరిగాయి. ఒకే మందు, ఒకే మోతాదు, గంటల తేడాలో ఫలితం తలకిందులైంది. మొదట ఆపాలన్న వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనపడలేదు. దాన్ని మాత్రగా మింగించి ప్రయోగాలు చేయకండి, అది నరంలోకి వెళ్లాల్సిందే.

ఇదంతా రోడ్డు మీది సంగతేనని అనుకోవద్దు. ఇంట్లో రక్తం పోయే సందర్భాల్లో పెద్దది కాన్పు. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం అందుతూ ఉంటుంది. మాయ ఊడాక గర్భసంచి ముడుచుకోకపోతే ఆ ధార బయటికే. గర్భిణి ఒంట్లో రక్తం మామూలు కంటే నలభై, యాభై శాతం ఎక్కువ ఉంటుంది కాబట్టి లక్షణాలు ఇంకా ఆలస్యంగా కనపడతాయి. పైగా మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతోనే ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది, అంటే పోగొట్టుకోవడానికి వాళ్ల దగ్గర మొదటినుంచీ తక్కువే. ఇక్కడా వరస అదే. ముందు ఆక్సిటోసిన్, పొత్తికడుపు మీద రుద్ది గర్భసంచిని ముడిపించడం, మూడు గంటల్లోపు ట్రనెగ్జామిక్ యాసిడ్, ఆ తర్వాతే రక్తం. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20లో దేశమంతటా 97 అయితే తెలంగాణలో 43. దవాఖాన కాన్పులు పెరగడానికి ఇందులో పెద్ద వాటా ఉంది. ఇంటికొచ్చిన బాలింతకు గంటలోనే ప్యాడ్ నిండా తడిస్తే, గడ్డలు పడితే, కళ్లు తిరుగుతున్నాయంటే, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇన్ని చెప్పి రక్తమే అక్కర్లేదన్నానని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. రెండు లీటర్లు పోయిన మనిషికి ఆపిన తర్వాత రక్తం కావాలి, ఎర్రకణాలతో పాటు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమపాళ్లలో కావాలి. ఆ సంచుల్లో గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి కాల్షియం కూడా ఇవ్వాలి. అయితే ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చిన దాత రక్తం ఆ గంటకు అందదు. సూది గుచ్చడం, జబ్బుల పరీక్షలు, గ్రూపు కలిపి చూడటం, వీటికి గంటలు పడతాయి. ఆ రాత్రి కాపాడేది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అంతకుముందే ఇచ్చి ఫ్రిజ్‌లో ఉన్న సంచి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. నాయకుల పుట్టినరోజు శిబిరాల్లో ఒక్కరోజే కుప్పలుగా వచ్చే రక్తం నెలన్నర తర్వాత ఎవరికీ పనికిరాదు, కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో బ్లడ్ బ్యాంకుల అరలు ఖాళీ అవుతాయి. పద్దెనిమిది దాటి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. జడ్చర్ల లాంటి ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీ, సెజ్‌లో ఒక షిఫ్టు, మార్కెట్ యార్డు హమాలీ సంఘం, ఒక కుల సంఘం నెలలు పంచుకుని కూర్చుంటే, ఏప్రిల్, మే ఎవరి వంతో ఉగాదికి ముందే రాసిపెట్టుకోవచ్చు.